ఏ తూము విప్పవలెను?
నడచుచున్న షెల్ స్క్రిప్టులో లోపమును వెదకు విధము

కాకతీయులు ఓరుగల్లును ఏలిన కాలమున ఈ సీమలో వెలసిన చెరువులు తమంతట తాము నిలిచినవి కావు. ఎగువ చెరువు నిండి మత్తడి దుమికిన నీరు వాగుగా పారి దిగువ చెరువును జేరును, అది నిండి పొరలినపుడు దాని క్రింది చెరువునకు వంతు వచ్చును. గణపతిదేవుని నాటి పాకాలను, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి చెంతనున్న రామప్ప చెరువును చూచినవారికి ఆ కట్టల దార్ఢ్యము కంటికి కనబడును గాని, ఈ గొలుసుకట్టులోని మర్మము ఊరి నీరటి వెంట పొలము గట్ల మీద నడచినవారికి గాని బోధపడదు. చివరి మడికి నీరందలేదని రైతు మొరపెట్టుకొనినపుడు నీరటి చెరువు కట్టను తెగగొట్టి చూడడు. కాలువ వెంట నడచి, నడుమ నొక చోట నిలిచి, ఇంతవరకు నీరు వచ్చుచున్నదా లేదా యని మాత్రమే చూచును. వచ్చుచున్నచో లోపము దిగువ నున్నది, రానిచో ఎగువ నున్నది. అంతటితో వెదకవలసిన దూరము సగమయ్యెను.

షెల్ స్క్రిప్టు అట్టి గొలుసుకట్టే. ఒక ఆజ్ఞ వెలువరించినది వేరొక ఆజ్ఞకు ఆహారమగును. ఒక స్క్రిప్టు మరియొక దానిని పిలుచును. ఆ మరియొకటి మూడవదానిని నమ్ముకొని యుండును. బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ బోర్న్ రచింపగా 1979లో యూనిక్సు ఏడవ వెర్షనుతో పాటు వెలువడిన షెల్‌ను, దానికి వారసుగా 1989లో బ్రయాన్ ఫాక్స్ లోకమునకిచ్చిన బాష్‌ను ఆశ్రయించి నేటికిని ఎన్నియో కార్యాలయములు తమ రాత్రి పనులను నడుపుకొనుచున్నవి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన మన ఓరుగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, అనగా నేటి ఎన్‌ఐటీ, నుండి పట్టా పుచ్చుకొని వచ్చిన యువకునకు సయితము ఉద్యోగములో ఎదురగు చిక్కు తరచుగా తాను వ్రాసిన ప్రోగ్రాము కాదు. ఎవరో ఎప్పుడో వ్రాసి విడిచిపోయినదియు, వేయి పంక్తులు దాటినదియు, తాకుటకు అందరును వెరచునదియు నైన ఒక పాత స్క్రిప్టు. అట్టిదానిని ఆపకయు, తెగగొట్టకయు, కావలసిన చోటనే పరీక్షించుట యెట్లో ఈ అధ్యాయమున చెప్పుదును.

ఒక రాత్రి, లక్ష పంక్తులు

కొన్ని సంవత్సరముల క్రిందట నేను హనుమకొండలోని ఒక కార్యాలయమున పని చేయుచుంటిని. పరకాల, నర్సంపేట, మహబూబాబాదు, జనగామ శాఖల నుండి ప్రతి రాత్రియు వచ్చు లెక్కల ఫైళ్లను ఏరుట యొక స్క్రిప్టు పని, కూర్చుట రెండవదాని పని, మొత్తము కట్టి తెల్లవారులోగా హైదరాబాదునకు పంపుట మూడవదాని పని. ఏడాదిపాటు చక్కగా నడచిన ఈ వ్యవస్థలో, మిరప పంట మార్కెట్టుకు వచ్చు కాలమున, కొన్ని రాత్రులు మాత్రము నర్సంపేట మొత్తము తక్కువగా వచ్చుచుండెను. అన్ని రాత్రులును తప్పియుండినచో పట్టుట సులభమే. కొన్ని రాత్రులే తప్పునది దయ్యమువలె మనుష్యుని వేధించును.

అప్పుడు నేను తొందరపాటుగల వారందరును చేయు పనియే చేసితిని. షెల్‌కు తాను చేయు ప్రతి పనిని చేయుటకు ముందు బిగ్గరగా చెప్పించు ఒక ఏర్పాటు కలదు. స్క్రిప్టులో 'సెట్ మైనస్ ఎక్స్' అని ఒక పంక్తి వ్రాసితిమా, ఆ తరువాతి ప్రతి ఆజ్ఞయు, దానిలోని వేరియబుళ్లు తమ విలువలను ధరించిన పిదప, ప్లస్ గుర్తు ముందుంచుకొని తెర మీదికి వచ్చును. దీనినే పనివారు ట్రేస్ అందురు. నేను జాడ యందును. మూడు స్క్రిప్టులకును మొదటి పంక్తిలోనే ఈ ఆజ్ఞను తగిలించి, నిశ్చింతగా ఇంటికి పోయి నిద్రించితిని.

తెల్లవారి చూచునప్పటికి లాగ్ ఫైలులో లక్షకు మించిన పంక్తులు పేరుకొని యుండెను. అంతేకాదు, ఆ రాత్రి ఎన్నడును తప్పని పరకాల మొత్తము కూడ తప్పి వచ్చెను. ఇంకను దారుణమేమనగా, డేటాబేసు పాస్‌వర్డు ఆ జాడలో దిగంబరముగా ముద్రితమై యుండగా, నేను చూచుకొనక ఆ ఫైలును ముగ్గురికి మెయిలులో పంపి యుంటిని. ఆ పూట పాస్‌వర్డు మార్చుటకే సరిపోయెను.

మధ్యాహ్నము మా విభాగమున శిక్షణకై వచ్చిన అమ్మాయి నా ప్రక్కన కూర్చుండి, నేను తెరను పైకి క్రిందికి జరుపుటను కొంతసేపు చూచి, "సార్, ఇందుల మనం ఏం వెతుకుతున్నం?" అని అడిగెను. నేను "తప్పు" అంటిని. "ఏ తప్పు సార్?" అని ఆమె మరల అడిగెను. నాకు సమాధానము తోచలేదు. లక్ష పంక్తుల సమాధానము నా యెదుట నుండెను గాని, అది ఏ ప్రశ్నకు సమాధానమో నాకు తెలియదు.

ప్రశ్న ముందు, జాడ తరువాత

ఆ నాటి నుండి నేను పాటించు నియమము ఇది: ఒక్క వాక్యములో ప్రశ్నను కాగితము మీద వ్రాయనిదే జాడను తెరవరాదు. ఆ ప్రశ్నలో ఒక వస్తువు పేరును, ఒక చోటి పేరును ఉండి తీరవలెను. 'లెక్క ఎందుకు తప్పుచున్నది?' అనునది ప్రశ్న కాదు, నిట్టూర్పు. 'నర్సంపేట ఫైలు పేరు కూర్పు స్క్రిప్టులో ప్రవేశించునపుడు ఎట్లున్నది, అది చదువబడునపుడు ఎట్లున్నది?' అనునది ప్రశ్న. దీనికి కావలసిన జాడ పది పంక్తులకు మించదు.

ప్రశ్న దొరకుటకు నీరటి నడకయే మార్గము. ఏరు స్క్రిప్టు ముగిసిన పిదప నర్సంపేట ఫైళ్లు సంచయములో, అనగా ఫోల్డరులో, ఉన్నవా యని చూచితిని; పూర్తిగా ఉన్నవి. కూర్పు ముగిసిన పిదప చూచితిని, తక్కువగా ఉన్నవి. కనుక పంపు స్క్రిప్టు నిర్దోషి, ఏరు స్క్రిప్టు నిర్దోషి. దొంగ నడుమ నున్నాడు. ఇంతవరకు నేను జాడ నొక్క పంక్తియైనను తీయలేదని పాఠకులు గమనింతురు గాక.

జాడను మితపరచు సాధనములు

మొదటిది ఆవరణ. అనుమానమున్న భాగమునకు ముందు 'సెట్ మైనస్ ఎక్స్' అనియు, తరువాత 'సెట్ ప్లస్ ఎక్స్' అనియు వ్రాసినచో నడుమనున్నది మాత్రమే జాడకు ఎక్కును. ఇక్కడ మైనస్ గుర్తు తెరచునదియు, ప్లస్ గుర్తు మూయునదియు నగుట క్రొత్తవారిని తికమక పెట్టును. ఒకసారి చేతితో చేసి చూచినవారు మరువరు.

రెండవది గుర్తు. ప్రతి జాడ పంక్తికి ముందు వచ్చు ప్లస్ గుర్తు పీఎస్‌4 అను వేరియబుల్‌లో నుండును. దానిని మనము మార్చుకొనవచ్చును. ఫైలు పేరునిచ్చు బాష్ సోర్స్, పంక్తి సంఖ్యనిచ్చు లైన్‌నో, ఫంక్షను పేరునిచ్చు ఫంక్‌నేమ్ అను మూడింటిని అందులో ఉంచినచో ప్రతి పంక్తియు తన ఊరు, వీధి, ఇంటి సంఖ్య చెప్పుకొని వచ్చును. మొదటి అక్షరమును ప్లస్‌గానే ఉంచుట మేలు. ఆజ్ఞలో ఆజ్ఞ ఇమిడి యున్నపుడు షెల్ ఆ మొదటి అక్షరమును రెట్టించి ముద్రించును గనుక, ఎంత లోతున నున్నామో గుర్తుల లెక్కయే చెప్పును. ఇచ్చట నేనొక తప్పు చేసితిని. ఆ విలువను డబుల్ కోట్సులో వ్రాసితిని. జాడలోని ప్రతి పంక్తియు తాను 7వ పంక్తినని చెప్పుకొనెను. కారణమేమనగా, డబుల్ కోట్సులోని వేరియబుల్ వ్రాసిన క్షణముననే విలువగా మారిపోవును; ఆ వాక్యమున్న పంక్తి సంఖ్య 7 గనుక ఆ 7 శాశ్వతముగా నిలిచెను. సింగిల్ కోట్సులో వ్రాసినచో అది మారక నిలిచి, ప్రతి ఆజ్ఞ వేళను క్రొత్తగా విలువ కట్టబడును.

మూడవది వేరు కాలువ. జాడ సాధారణముగా తప్పుల సందేశములు పోవు దారినే, అనగా రెండవ సంఖ్యగల దారినే, పోవును. ఆ దారిని కూడ కలిపి పట్టి వేరియబుల్‌లో దాచుకొను స్క్రిప్టులు కలవు. అట్టి చోట జాడ తెరచితిమా, జాడ పంక్తులు డేటాలో కలసి లెక్కనే చెడగొట్టును. ఆ రాత్రి పరకాల మొత్తము తప్పినది ఇందువలననే. లోపము స్క్రిప్టుది కాదు, నా చూపుది. దీనికి విరుగుడుగా 4.1 వెర్షను నుండి బాష్‌లో ఎక్స్‌ట్రేస్ ఎఫ్‌డి అను వేరియబుల్ కలదు. 19వ సంఖ్యగల దారిని ఒక ఫైలునకు తెరచి, బాష్ అను మాటను ముందు చేర్చిన ఆ వేరియబుల్‌లో 19 అని వ్రాసినచో జాడ యంతయు ఆ ఫైలులోనికి పోవును. పంట కాలువలోనికి మురుగు రాదు.

నాలుగవది ఎంపిక. పెద్ద స్క్రిప్టులలో ప్రతి ఫంక్షను మొదటను ఒక చిన్న విచారణ నుంచవచ్చును: బయటి నుండి ఇచ్చిన జాబితాలో నా పేరున్నదా? ఉన్నచో జాడ తెరువుము, లేనిచో మౌనముగా పొమ్ము. 2016లో వచ్చిన 4.4 వెర్షను నుండి 'లోకల్' అను మాటకు ప్రక్కన ఒక్క అడ్డగీత పెట్టినచో, ఆ ఫంక్షనులో మార్చిన సెట్ ఏర్పాట్లన్నియు అది ముగియగానే పూర్వస్థితికి వచ్చును. మూయుట మరచు భయము లేదు. ఆ జాబితాను పని మొదలుపెట్టునపుడు ఆజ్ఞకు ముందు వ్రాసిన చాలును. స్క్రిప్టులో మరల ఒక్క అక్షరమును ముట్టనక్కర లేదు.

నడచుచున్న బండికి సిగ్నలు

అయినను నా చిక్కు తీరలేదు. కూర్పు స్క్రిప్టు సాయంత్రము మొదలై తెల్లవారువరకు ఫైళ్లకై కాచుకొని యుండునది; నర్సంపేట ఫైలు రాత్రి ఏ వేళ వచ్చునో తెలియదు; స్క్రిప్టును ఆపి మరల మొదలిడినచో అంతవరకు కూర్చినది పోవును. ఆ ఒక్క ఫైలు వచ్చిన వేళనే జాడ తెరువవలెను. కాజీపేట జంక్షనులో నిలుచున్నవాడు వచ్చుచున్న బండి నెక్కి ఇంజనులోనికి పోడు. దూరము నుండి సిగ్నలు మార్చును. ప్రాసెసులకును సిగ్నళ్లు కలవు.

స్క్రిప్టు మొదట 'ట్రాప్' అను ఆజ్ఞతో రెండు ఏర్పాట్లు చేసితిని: యూఎస్‌ఆర్1 అను సిగ్నలు వచ్చినచో జాడ తెరువుమనియు, యూఎస్‌ఆర్2 వచ్చినచో మూయుమనియు. వేరొక టెర్మినల్ నుండి 'కిల్' అను ఆజ్ఞతో, సిగ్నలు పేరును ప్రాసెసు సంఖ్యను జతచేసి, ఈ సిగ్నళ్లను పంపవచ్చును. కిల్ అను పేరు భయంకరమైనను దాని పని కబురు పంపుట మాత్రమే. అయితే రెండు సంగతులు మరువరాదు. ట్రాప్ వ్రాయని స్క్రిప్టునకు ఈ కబురు పంపితిమా, అది నిజముగానే చచ్చును. ఆ సిగ్నలునకు సహజఫలము మరణమే. రెండవది, షెల్ తన చేతిలోని ఆజ్ఞ ముగిసిన పిదపనే కబురు నందుకొనును; పది నిమిషముల కాపీ నడుచుచున్నచో పది నిమిషములు ఆగవలసినదే. సిగ్నలు పడిన చోటనే బండి ఆగదు గదా!

దొరికిన రాత్రి

మూడవ రాత్రి, పదకొండు గంటల వేళ, ఇంటి నుండి చూచుచుండగా నర్సంపేట ఫైళ్లు సంచయములోనికి వచ్చెను. సిగ్నలు పంపితిని. జాడ ఫైలులో పది పన్నెండు పంక్తులు పడెను, మూసితిని. వానిలో నొక పంక్తి చెప్పునది ఇంతే: పంక్తి సంఖ్య, కూర్పు ఫంక్షను పేరు, దాని ప్రక్కన 'క్యాట్' అను ఆజ్ఞ, దాని ప్రక్కన నర్సంపేట, ఒక ఖాళీ, రెండవది.

మొదట నాకందులో దోషమేమియు కనబడలేదు. ఫైలు పేరు 'నర్సంపేట రెండవది'. జాడలో వచ్చినదియు అదియే. పంక్తిని దాటి ముందునకు పోయి, ఏదియు దొరకక, మరల వెనుకకు వచ్చి చూచినపుడు గాని స్ఫురింపలేదు: ఖాళీ యున్న మాటను షెల్ ఒకే మాటగా గ్రహించియుండినచో జాడలో దానిని కోట్సు నడుమ నుంచి చూపును. ఇచ్చట కోట్సు లేవు. అనగా షెల్ దానిని రెండు మాటలుగా చదివి, నర్సంపేట యను ఫైలును ఒకటి, రెండవది యను ఫైలును ఒకటి వెదకి, రెండును దొరకక, విడిచిపోయెను. దొరకలేదన్న సందేశమును పూర్వికుడెవరో తెర శుభ్రముగా నుండుటకై డెవ్ నల్ అను అగాధములోనికి మళ్లించి యుండెను. స్క్రిప్టులో ఆ వేరియబుల్ చుట్టును రెండు కోట్సు లేకపోవుటయే సర్వానర్థమునకు మూలము. లేనిదానిని చూచుటకు ఉన్నది కొంచెమే కావలెను. లక్ష పంక్తులలో ఆ లేమి నా కంట పడెడిది కాదు.

కొన్ని రాత్రులే ఎందుకు? మిరప ఎక్కువగా వచ్చిన దినములలో నర్సంపేట గుమాస్తా తొలి ఫైలు పంపిన తరువాత మిగిలిన లెక్కలను వృథా పోనీయక 'రెండవది' యని పేరు పెట్టి మరల పంపుచుండెను. నేను నెల రోజులుగా అతనిని సోమరియని లోలోన నిందించుచుంటిని. తక్కిన శాఖలకంటె అతడే ఎక్కువ శ్రద్ధ వహించెను. మరునాడు ఫోను చేసి సంగతి చెప్పగా, "పేరుల ఖాళీ పెట్టొద్దని ముందుగాల చెప్పకపోతిరి సార్? ఇగ పెట్టనులే" అనెను. "పెట్టండి, ఇక నేమియు కాదు" అంటిని. సరిదిద్దవలసినది అతని అలవాటు కాదు, మా స్క్రిప్టు.

ఈ గ్రంథమున షెల్ స్క్రిప్టును గూర్చి యొక అధ్యాయము వ్రాయుటకు కారణమిదియే. కార్యము చెడినపుడు మనుష్యునిపై నేరము మోపుట, మొదటి పంక్తిలో జాడ తెరచుటవంటిది. శ్రమ లేనిది, అన్నిటిని కప్పునది, ఏదియు చూపనిది. పరీక్షలో తప్పిన విద్యార్థి 'నేను పనికిరానివాడను' అనుకొనుటయు అట్టిదే. ఏ పాఠములో, ఏ మెట్టున, అంతవరకు వచ్చిన తెలివి అంతరించెనో చూచినవానికి చదువవలసినది ఒక పుటయే మిగులును.

జాగ్రత్తలు

పాస్‌వర్డులు, టోకెన్లు వాడు పంక్తులకు ముందు జాడను మూయుడు. జాడ ఫైలును మీరు తప్ప ఇతరులు చదువరాని అనుమతులతో సృజింపుడు. ఇతరులకు పంపుటకు ముందు మీరే చదువుడు.

జాడను తెరచు, మూయు ఆజ్ఞలును ఆజ్ఞలే. అవి సఫలమైనపుడు, క్రిందటి ఆజ్ఞ ఫలితమును తెలుపు గుర్తు సున్నాగా మారిపోవును. ఆ ఫలితమును పరీక్షించు పంక్తికి సరిగా ముందు వీనిని ఉంచితిరా, ఓడిన పని గెలిచినట్లు కనబడును.

మీ స్క్రిప్టు వేరొక స్క్రిప్టును ప్రత్యేక ప్రాసెసుగా పిలిచినచో జాడ దానిలోనికి దిగదు. చుక్కతో గాని, సోర్స్ అను మాటతో గాని చేర్చుకొనిన దానిలోనికి మాత్రము దిగును. అట్లు పిలిచిన స్క్రిప్టులోనికి కూడ దిగవలెనన్నచో దానినే 'బాష్ మైనస్ ఎక్స్' అని పిలువవలెను.

మొదటి పంక్తిలో ఏ షెల్ పేరున్నదో చూడుడు. 2006లో వచ్చిన 6.10 నుండి ఉబుంటులో 'ఎస్‌హెచ్' అనిన బాష్ కాదు, డాష్. అందులో పైన చెప్పిన వేరు కాలువ లేదు. ఆపిల్ మ్యాకులతో వచ్చు బాష్ 3.2 గనుక దానిలోను లేదు.

అభ్యాసము

1. మీ యొద్దనున్న స్క్రిప్టులలో దేనిని తాకుటకు మీరు వెరతురో దాని నొకదానిని ఎంచుకొనుడు. దాని నకలు తీసి, ముందుగా 'బాష్ మైనస్ ఎన్' అని నడుపుడు. ఏ పనియు చేయకుండ వాక్యనిర్మాణ దోషములను మాత్రము అది చెప్పును.

2. ఆ స్క్రిప్టు గొలుసును కాగితము మీద గీయుడు: ఏది దేనికి నీరందించుచున్నది? నడిమి తూము ఎక్కడ?

3. ఒక వస్తువు పేరు, ఒక చోటి పేరు గల ప్రశ్నను ఒక్క వాక్యములో వ్రాయుడు. వ్రాయలేనిచో రెండవ అభ్యాసమునకు తిరిగి పొండు.

4. పీఎస్‌4ను సింగిల్ కోట్సులో వ్రాసి, జాడను వేరు ఫైలునకు మళ్లించి, ఒక్క ఫంక్షనుకు మాత్రము తెరువుడు. ఇరువది పంక్తులకు మించి వచ్చినచో మీ ప్రశ్న ఇంకను పెద్దది.

5. అరగంట సేపు ఊరక నిదురించుచు లేచుచు తిరుగు చిన్న స్క్రిప్టు నొకదానిని వ్రాసి, ట్రాప్ ఉంచి, వేరొక టెర్మినల్ నుండి సిగ్నళ్లతో దాని జాడను పలుమారు తెరచి మూయుడు. చేతికి అలవాటైన పిదపనే అసలు స్క్రిప్టు జోలికి పొండు.

6. లోపము దొరకిన నాడు, అది దొరకక మునుపు మీరెవరిని అనుమానించితిరో తలచుకొనుడు. వారి ఫోను నంబరు మీ యొద్ద నుండియే యుండును.